డ్రైవర్ లేని స్కానర్, గేజ్ మారిన బంగారుపేట

నేను చదివింది తమిళ మీడియం, తెలుగు ఇంట్లో అమ్మ దగ్గర నేర్చుకున్నది. రాతలో తప్పులుంటే సర్దుకొని చదవండి. ఈసారి కూడా కొంచెం పొడుగే.

పోయిన నెల మన సంఘం ఆఫీసు కంప్యూటర్ మార్చి విండోస్ 11 ఉండేది పెట్టినారు. ఆ రోజు నుంచి పాత స్కానర్ పని చేయడం లేదు. అద్దం బాగుంది, లోపల దీపం వెలుగుతోంది, వైరు బాగుంది. కంప్యూటర్ మాత్రం ఇదేదో నాకు తెలీదంటోంది. కంపెనీ వాళ్ళ వెబ్‌సైట్‌లో చూస్తే ఈ మోడల్‌కు కొత్త డ్రైవర్ రాదని ఉంది. కమిటీలో "గుజరీకి వేసేద్దాం" అనే మాట వచ్చింది. వేయొద్దండి. ఎందుకో చెప్తాను.

ముందు డ్రైవర్ అంటే ఏమో చూద్దాం. మన బంగారుపేట కథ చెప్తే సులభంగా అర్థమవుతుంది. బౌరింగ్‌పేట అని పిలిచే కాలంలోనే మద్రాసు-బెంగళూరు లైను బ్రాడ్ గేజ్. మారికుప్పం బ్రాంచి కూడా బ్రాడ్ గేజే. కోలారు వైపు వేసిన లైను మాత్రం రెండున్నర అడుగుల న్యారో గేజ్. పెద్ద బండి వ్యాగన్ చిన్న పట్టాల మీదికి పోలేదు. మూటలు ఇందులో నుంచి దింపి అందులోకి ఎక్కించాల్సిందే. వ్యాగన్‌లో తప్పు లేదు, పట్టాలో తప్పు లేదు. మధ్యలో మూట మార్చే కూలీ లేకపోతే సరుకు కదలదు. కంప్యూటర్‌కూ స్కానర్‌కూ మధ్య ఆ కూలీ పని చేసే చిన్న ప్రోగ్రామే డ్రైవర్.

కరెంటులో కూడా ఇట్లాంటిదే ఉంది. 1902లో శివనసముద్రం నుంచి 92 మైళ్ళ దూరం తీగలు లాగి మన గనులకు కరెంటు తెచ్చినారు. బెంగళూరు వీధి దీపాలు వెలిగింది ఆ తర్వాత 1905లో. కానీ శివనసముద్రం కరెంటు 25 సైకిల్స్. తర్వాత దేశమంతా 50 సైకిల్స్ అయింది. 25 సైకిల్స్‌కు చేసిన మోటార్‌ను నేరుగా 50కి తగిలిస్తే రెట్టింపు వేగంతో తిరగాలని చూస్తుంది, పాడవుతుంది. మధ్యలో ఫ్రీక్వెన్సీ మార్చే యంత్రం ఉండాలి. లేదంటే మంచి మోటార్ కూడా ఇనుము కిందే లెక్క.

విండోస్‌లో ఈ తలనొప్పి పెద్దగా వచ్చింది 2007 జనవరిలో విస్టా వచ్చినప్పుడు. అంతకు ముందు ఎక్స్‌పీలో డ్రైవర్ తప్పు చేస్తే కంప్యూటర్ మొత్తం నీలం తెర చూపి ఆగిపోయేది. అందుకని లోపలి పద్ధతులు మార్చినారు. 64 బిట్ విస్టాలో అయితే కంపెనీ డిజిటల్ సంతకం లేని డ్రైవర్‌ను లోపలికే రానీయలేదు. మంచికే చేసినారు, కాదనను. కానీ చాలా పాత డ్రైవర్లు ఒక్క దెబ్బకు పనికిరాకుండా పోయినాయి. కంపెనీలకేమో ఎప్పుడో అమ్మేసిన వస్తువుకు మళ్ళీ డ్రైవర్ రాయడం ఒట్టి ఖర్చు.

బాధపడింది మనలాంటి వాళ్ళే అనుకోకండి. మైక్రోసాఫ్ట్‌కు ఒకప్పుడు ప్రెసిడెంట్‌గా చేసి, అప్పుడు డైరెక్టర్‌గా ఉన్న జాన్ షిర్లీ కూడా తన ప్రింటర్‌కు, స్కానర్‌కు, ఫిల్మ్ స్కానర్‌కు డ్రైవర్లు లేవని, ఒక కంప్యూటర్‌కు విస్టా వేయనని స్టీవ్ బాల్మర్‌కు ఈమెయిల్ రాసినాడు. "విస్టా కేపబుల్" కేసు కోర్టుకు పోయినప్పుడు, 2008లో ఆ ఈమెయిల్ బయటికి వచ్చింది. అంత పెద్దాయనకే అట్లయింది.

ఇప్పుడు అదే కథ మళ్ళీ. విండోస్ 11లో 32 బిట్ రకమే లేదు. 32 బిట్ డ్రైవర్ మాత్రమే ఉన్న వస్తువులకు దాంట్లో చోటు లేదు. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ ఆగిపోయింది. అందుకే అందరూ మారుతున్నారు.

సరే, కొత్త స్కానర్ కొనొచ్చు కదా అంటారు. ఇప్పుడు తక్కువ ధరకు దొరికేవాటిలో చాలావాటికి కాగితం తప్ప ఫిల్మ్ రాదు. మన పాతదాని మూతలో దీపం ఉంది, నెగెటివ్‌లు తీస్తుంది. సంఘం బీరువాలో రెండు అట్టపెట్టెల నెగెటివ్‌లు ఉన్నాయి, సగం కూడా కాలేదు. ఛాంపియన్ రీఫ్‌లో ఉండే ఒక పెద్దమ్మ నెలకొకసారి నన్ను అడుగుతుంది, "అబ్బయ్యా, మా ఆయన ఫోటో వచ్చిందా?" అని. షాఫ్ట్ ముందర నిలబడి తీసుకున్న గుంపు ఫోటో అది. ఆయనది ఇంట్లో వేరే ఫోటో లేదు. తీసిస్తానని మాట ఇచ్చినాను.

చేయాల్సింది ఇది. ఎవరి ఇంట్లోనైనా విండోస్ 7 ఉన్న పాత లాప్‌టాప్ మూలన పడి ఉంటే సంఘానికి ఇవ్వండి. దానికి ఇంటర్నెట్ తగిలించం, స్కానర్‌కు మాత్రమే వాడతాం. తీసిన ఫోటోలను పెన్‌డ్రైవ్‌లో వేసి, వైరస్ చూసుకొని, కొత్త కంప్యూటర్‌లో పెడతాం. అది దొరక్కపోతే లినక్స్ ఉంది. అందులో సేన్ అనే ప్రాజెక్టు వాళ్ళు కంపెనీలు వదిలేసిన స్కానర్లకు కూడా చాలావాటికి డ్రైవర్లు రాసి ఉచితంగా ఇస్తున్నారు. మన మోడల్ ఆ లిస్టులో ఉందో లేదో చదువుకున్న పిల్లలు చూసి చెప్పాలి. ఇకమీదట ఏ కంప్యూటర్ మార్చినా, ముందుగా ప్రింటర్, స్కానర్ మోడల్ నంబర్లు రాసుకొని, డ్రైవర్ ఉందని చూసుకున్న తర్వాతే మారుద్దాం.

2001 ఫిబ్రవరి 28న గనులు మూసినారు. పంపులు ఆగిన తర్వాత లోపల నీళ్ళు నిండినాయి. పంపు నడపడం తెలిసిన మనుషులు ఊళ్ళోనే ఉన్నారు, వాళ్ళకు పని లేదు. ఆ రోజు మన చేతిలో ఏమీ లేదు. ఈ స్కానర్ విషయం మన చేతిలోనే ఉంది.

ఆదివారం కమిటీ కూర్చుంటుంది. లాప్‌టాప్ ఉన్నవాళ్ళు ఆ లోపల ఒక మాట చెప్పండి. చార్జర్ కూడా మరచిపోకండి.