ఏమని వస్తా ఉంది?

పోయిన ఏప్రిల్లో పుంగనూరులో మా ఇంటి ఏసీ రాత్రిపూట వింత చప్పుడు మొదలెట్టింది. ఫోన్‌లో ఒకాయన వినకుండానే "కంప్రెసర్ పోయుంటుంది" అని వేలల్లో లెక్క చెప్పాడు. రెండో మెకానిక్ మోడల్ అడగలేదు, కొని ఎన్నేళ్లయిందని అడగలేదు. "ఏమని వస్తా ఉంది నా?" అన్నాడు. నేను "గరగర" అన్నాను. "గరగరనా, కటకటనా? బాగా విని చెప్పు." నా దగ్గర మాట లేదు.

మాకు అలవాటు లేని విద్య మరి. ఇది ఎత్తు మీదున్న ప్రాంతం. కడప కలెక్టర్ హార్స్‌లీ ఎండలు తప్పించుకోడానికి ఇల్లు కట్టుకుంది పక్కనే, 1870 ప్రాంతంలో, ఏనుగు మల్లమ్మ కొండ మీద. మా అమ్మమ్మకి మే నెలంటే మిద్దె మీద పడక, అంతే.

కింద మైదానాల్లో దొరలకి మాత్రం పంకా ఉండేది. కప్పు నుంచి వేలాడే బట్ట చట్రం, కప్పీ, తాడు, వరండాలో తాడు లాగే మనిషి. రాత్రంతా కిర్రు కిర్రు. అక్కడ లోపం చప్పుడు కాదు, నిశ్శబ్దం. కిర్రు ఆగిందంటే మనిషి నిద్రలోకి జారాడని అర్థం, దొర లేచి కొట్టేవాడు. ఆ దెబ్బలకి ప్రాణాలు పోయి కోర్టులకెక్కిన కేసులున్నాయి. లోపలి మాటలు బయటికి పోకుండా చెవిటివాళ్లనే పెట్టుకునేవారనీ అంటారు. చల్లదనం చరిత్రలో ఈ పేజీని ఎవరూ ఏసీ ప్రకటనల్లో వేయరు లెండి.

చప్పుడు విని లోపల ఏముందో చెప్పే పని మాత్రం యంత్రాల దగ్గర మొదలవలేదు. ఆస్ట్రియాలో గ్రాజ్ ఊళ్లో సత్రం నడిపే ఆయన కొడుకు ఔవెన్‌బ్రుగ్గర్ వియన్నాలో డాక్టరయ్యాడు. పీపాని తట్టి సారాయి ఎంత మిగిలిందో చెప్పడం చిన్నప్పుడే చూశాడంటారు. రోగి ఛాతీని అలాగే తట్టి చూడొచ్చని 1761లో చిన్న పుస్తకం వేస్తే చాలా ఏళ్లు పట్టించుకున్నవాళ్లు తక్కువ. 1816లో పారిస్‌లో లెనెక్ కాగితం చుట్టచుట్టి రోగి గుండె మీద ఆనించి విన్నాడు. ఆ చుట్టే తర్వాత కొయ్య స్టెతస్కోపయింది. అక్కడ ఆయనకీ నాకొచ్చిన చిక్కే వచ్చింది. వినపడింది సరే, దాన్ని ఏమనాలి? ఒక చప్పుడుకి మేక అరుపని పేరు పెట్టాడు. ఛాతీని తడితే వచ్చే ఇంకో చప్పుడుని పగిలిన కుండ మోత అన్నాడు. అది క్షయ రోగి ఊపిరితిత్తిలో గుల్ల పడిందనడానికి గుర్తు. కుండని వేలితో మీటి, ఖంగుమంటేనే కొనే మా సంతల్లో దాన్ని విడమర్చి చెప్పక్కర్లేదు. 1826లో లెనెక్‌ని తీసుకుపోయిందీ క్షయే.

ఆ విద్య మా ఊళ్ల దాకా వచ్చింది. డేనిష్ డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోట్-మ్యోలర్ నడిపిన క్షయ శానటోరియం మదనపల్లె పక్కన ఆరోగ్యవరంలో ఉండేది. 1943లో స్ట్రెప్టోమైసిన్ బయటపడే దాకా క్షయకి సరైన మందు లేదు. పొడిగాలి, విశ్రాంతి, తిండి, ఇవే వైద్యం. అంటే మదనపల్లె గాలిని మందుగా వాడారు. తర్వాత మందులొచ్చాయి. ఇంటి దగ్గర మందులు వేసుకున్నా శానటోరియంలో ఉన్నంత బాగా నయమవుతుందని 1959లో మద్రాసు అధ్యయనం తేల్చాక గాలి కోసం వచ్చే అవసరం తగ్గింది. ఎక్స్‌రే ముందు చెవీ వెనకబడింది.

చెవి పూర్తిగా పోలేదు, మెకానిక్కుల దగ్గర ఉంది. సాయంత్రం మావాడు వచ్చి మేడ మీదకెక్కి, స్క్రూడ్రైవర్ మొన బయటి యూనిట్ రేకు మీద పెట్టి, పిడిని చెవికి ఆనించి కళ్లు మూసుకున్నాడు. లెనెక్ కొయ్య గొట్టం లాంటిదే. వింటూనే పాఠం చెప్పాడు. కీచుమంటే ఫ్యాన్ బేరింగ్. గుయ్యిమని మూలిగి ఆగిపోతే ముందు కెపాసిటర్ చూడాలి, కంప్రెసర్ అని భయపడకూడదు. బుసకొడితే గ్యాస్ పోతోందేమో. గదిలోపలి యూనిట్‌లో బుడబుడ అంటే నీళ్ల గొట్టం మూసుకుంది. ఆపాక టిక్ టిక్ అంటే ప్లాస్టిక్ సర్దుకుంటోంది, నిద్రపోవచ్చు.

"మరి మాది?"

"గరగర కాదు నా ఇది. జిర్రు."

కంప్రెసర్ కింది రబ్బరు ఎండి గట్టిపడింది. అదురుకి రాగి గొట్టం రేకు అంచుకి రాసుకుంటోంది. గొట్టం మీద మెరిసే చార కూడా చూపించాడు, వదిలేస్తే చిల్లు పడి గ్యాసంతా పోతుందట. రబ్బరు మార్చాడు, సైకిల్ ట్యూబు ముక్క కోసి గొట్టానికి చుట్టాడు. మూడు వందలు తీసుకున్నాడు. మెట్లు దిగుతూ ఆగి మా ఫ్రిజ్ వైపు చెవి పెట్టాడు గానీ, ఏమీ అనలేదు.