దాస్య విమోచనము – ఇంటి స్థలము: తిరువళ్ళూరు సీమ చరిత్రలో ఒక ఘట్టము

చెన్నపట్టణమునకు పడమట నున్న పట్టాభిరామ్, తిరువళ్ళూరు, తిరుత్తణి ప్రాంతములు తెలుగువారును తమిళులును చిరకాలముగా కలసి నివసించుచున్న సీమ. నేడివి యొకే జిల్లాలో నున్నను, 19వ శతాబ్దిలో తిరువళ్ళూరు తాలూకా చెంగల్పట్టు జిల్లాలోను, తిరుత్తణి ఉత్తరార్కాటు జిల్లాలోని కార్వేటినగర జమీందారీలోను ఉండెను. తిరుత్తణి 1911లో చిత్తూరు జిల్లాలో చేరి, 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రమునకు మారెను. ఈ సీమలోని దేవాలయములను గూర్చి మనవారు పెక్కు వ్యాసములు వ్రాసిరి. ఇచ్చటి పొలములలో తరతరములుగా అస్వతంత్రులై పాటుపడినవారి చరిత్ర మాత్రము సామాన్య పాఠకులకు అంతగా పరిచితము కాదు. బానిసత్వ మనగానే అమెరికాలోని ప్రత్తి తోటలు స్ఫురించునే గాని, మన యూరి చేరి స్ఫురింపదు.

ఇంగ్లండులో విల్బర్ ఫోర్సు, క్లార్క్ సన్ మొదలగువారు క్రైస్తవ ధర్మము పేర సాగించిన ఉద్యమ ఫలితముగా 1807లో బానిసల వర్తకమును, 1833లో సామ్రాజ్యమందలి బానిసత్వమును రద్దు చేయుచు చట్టములు వెలువడెను. కాని రెండవ చట్టము ఈస్టిండియా కంపెనీ రాజ్యమునకు వర్తింపలేదు. మన దేశమున 1841లో లా కమిషన్ నివేదిక వెలువడిన పిమ్మట, 1843లో 5వ చట్టము వచ్చెను. బాకీ వసూలునకై మనుష్యుని బానిసగా ఎంచి సర్కారు ఉద్యోగులు విక్రయింపరాదు. మనిషిపై సొత్తు హక్కును న్యాయస్థానములు మన్నింపరాదు. బానిస యనబడువాడు తన కష్టార్జితమును కోల్పోరాదు. స్వతంత్రునిపై చేసిన నేరము వానిపై చేసినను నేరమే — ఇవి యందలి నాలుగు అంశములు. బానిసలను కొనుట, అమ్ముట శిక్షార్హమగుట 1862 జనవరి 1న భారత శిక్షాస్మృతి అమలులోనికి వచ్చిన తరువాతనే.

ఈ చట్టములచే చెంగల్పట్టు పల్లెలలో ఏమి మారెను? అచ్చట భూమిపై వంశపారంపర్యపు హక్కు గలవారు మిరాసీదారులు. ఈ సీమ భూస్వాములలో వెల్లాళులు, బ్రాహ్మణులే గాక తెలుగు రెడ్లును కలరు. వారి పొలములను దున్నిన పరయ, మాల కులముల వారు ‘పడియాళ్ళు’గా, మన మాటలో పాలేళ్ళుగా ఉండిరి. వివాహమునకో, తిండిగింజలకో చేసిన చిన్న అప్పు తీరువరకు ఆసామి పొలమున పనిచేయుట కట్టుబాటు. కూలి గింజలతో పొట్ట నిండుటయే కష్టముగా నుండగా అప్పు తీరుట యెట్లు? అది తండ్రి నుండి కొడుకునకు సంక్రమించుచుండెను. ఇది చాలదన్నట్లు 1859 నాటి 13వ చట్టము, బయానా పుచ్చుకొని పని మానిన కూలివానిని మేజిస్ట్రేటు నెదుట నిలబెట్టుటకు యజమానులకు అవకాశ మిచ్చెను. బానిస యను పేరు పోయి ఋణగ్రస్తుడను పేరు వచ్చెను.

వలస పోవుట కొందరికి దొరికిన దారి. విదేశములలో బానిసలు విడుదలైన పిదప అచ్చటి చెరకు తోటలకు కూలీలు కావలసి వచ్చిరి. 1860 అక్టోబరు 12న మద్రాసు రేవు వదలి నవంబరు 16న దర్బన్ చేరిన ‘ట్రూరో’ ఓడలోని తొలి ఒప్పందపు కూలీలలో తెలుగువారును కలరు. ఒకరి దాస్య విమోచనము మరియొకరి వెట్టికి దారితీసెను.

ఊరు విడువని వారి సమస్య ఇంటి స్థలమువద్ద ముడివడి యుండెను. పడియాలు బంజరు భూమికై దరఖాస్తు పెట్టుకొన్నచో మిరాసీదారునకే ముందు హక్కు. అంతటితో ఆగక, ‘నీ గుడిసె నున్న నేల నాది, ఖాళీ చేయుము’ అను బెదిరింపు సిద్ధముగా నుండెడిది. పట్టా అడిగినవానికి నిలువనీడ పోవు ప్రమాదము. తిరువళ్ళూరు ప్రాంతమున పనిచేసిన వెస్లియన్ మిషనరీ విలియం గౌడీ, చెంగల్పట్టులోని స్కాట్లండు మిషనరీ ఆడం ఆండ్రూ ఈ కీలకమును గుర్తించి ప్రభుత్వమునకు విన్నవించిరి. మతప్రచారము వారి వృత్తి. అయినను తమ బాధలను వారి గుమ్మము ముందునకు తెచ్చి, అర్జీలు వ్రాయించుకొన్నవారు చేరిజనులే యనుట మరువరాదు.

జిల్లా కలెక్టరు ట్రెమెన్ హీర్ 1891లో చెంగల్పట్టు పరయల స్థితిని గూర్చి విపులమైన నివేదిక సమర్పించెను. ఇంటి స్థలములపై వారికి హక్కు కల్పింపవలెననియు, భూమి ఇయ్యవలెననియు, బడులు నెలకొల్పవలెననియు ఆయన వాదము. రెవిన్యూ బోర్డు ఆ వాదములలో పెక్కింటిని అంగీకరింపలేదు. అయినను 1892 సెప్టెంబరు 30 నాటి 1010, 1010-ఏ సంఖ్యల ఉత్తర్వులతో వారికి భూమి కేటాయించు విధానమునకు పునాది పడెను. తమిళనాట నేటికిని వినవచ్చు ‘పంచమి భూములు’ అను మాటకు మూల మిదియే.

ఈ విషయమును కథారచయితలు చట్టకర్తలకంటె చక్కగా గ్రహించిరి. క్రైస్తవ బోధకుని కుమార్తె హారియట్ బీచర్ స్టౌ 1852లో వెలువరించిన సుప్రసిద్ధ నవల పేరులోనే ‘టామ్ మామ గుడిసె’ కలదు. యజమాని అప్పునకై టామ్ అమ్ముడుపోయి, ఆ గుడిసెను విడుచుటతో కథ నడచును. తుదకు విముక్తులైనవారికి స్వాతంత్ర్య చిహ్నముగా చూపబడునదియు ఆ గుడిసెయే. ఉన్నవ లక్ష్మీనారాయణగారు తిరుత్తణికి చేరువ నున్న రాయవేలూరు జైలులో నుండి రచించి, 1922లో వెలువరించిన నవలకు ‘మాలపల్లి’ అని పేరు. అందు పాలేరు సంగదాసు ఆసామి చేత హతుడగును; రామదాసు కుటుంబము ఉన్న కొద్ది భూమిని కోల్పోయి చెల్లాచెదరగును. సముద్రములు వేరైనను ఇరువురును దాస్యమును మనిషి గూటి వైపునుండియే చూచిరి.

1976లో వెట్టిచాకిరి నిర్మూలన చట్టము వచ్చెను. 1994 అక్టోబరులో చెంగల్పట్టున పంచమి భూములకై ఉద్యమించినవారిపై కాల్పులు జరిగి ఇద్దరు మరణించిరి. 21వ శతాబ్దిలో తిరువళ్ళూరు జిల్లా ఇటుక బట్టీలనుండి బయానాలకు కట్టుబడిన ఒడిశా కూలీలను అధికారులు విడిపింపవలసి వచ్చినది. వారు కాపురమున్నది బట్టీ యజమాని వేసిన పాకలలోనే. మనిషిపై సొత్తు హక్కును న్యాయస్థానములు మన్నింపరాదని 1843 చట్టము శాసించెను. వాడు నిర్భయముగా ‘ఇది నా నేల’ యని చెప్పుకొనగల నాలుగు గజముల స్థలమును మాత్రము ఆ చట్ట మీయలేదు. ఆ కొరత తీరిన చోటనే విమోచనము పూర్తియైనదని తిరువళ్ళూరు సీమ చరిత్ర తెలుపుచున్నది.