కింగ్ పామర్ మిత్తి లెక్కలు

సొంతంగా నాణెం కొట్టుకోవడం పాలమూరుకు కొత్తేమీ కాదు. గద్వాల సంస్థానానికి గద్వాల రూపాయి ఉండేది. వనపర్తి రాజుల పాత గద్దె సుగూరు కాబట్టి వాళ్లది సుగూరు సిక్కా. నారాయణపేటలో ఇంకో టంకశాల. ఇవన్నీ నిజాం రాజ్యంలోనే. నాణెం మీద ఉండేది మాత్రం కొట్టించిన రాజు పేరు కాదు, ఢిల్లీ బాదుషా పేరు. అప్పటికే ఆ బాదుషా చేతిలో ఢిల్లీ కోట తప్ప ఏమీ లేదు. అయినా పేరు పేరే.

మరి ఆ రూపాయిని జనం ఎట్లా నమ్మారు? నమ్మలేదు. సరాఫు దగ్గరికి పోయి తూకం వేయించారు, గీటు పెట్టించారు, వట్టం కట్టి మార్చుకున్నారు. గద్వాల రూపాయి రాయచూరు వైపు చెల్లేది, హైదరాబాదు బజారుకొస్తే కోత పడేది. వెండి ఎంతుందన్నదే అసలు సంగతి.

2009 జనవరి 3న సతోషి నకమోతో అనే పేరుతో ఎవరో బిట్‌కాయిన్ మొదటి బ్లాకును తయారుచేసి, అందులో బ్యాంకుల బెయిలవుట్ గురించి ఆనాటి లండన్ పత్రిక శీర్షికను దాచినప్పుడు చెప్పదలుచుకున్నది ఇంచుమించు ఇదే: బాదుషా ముద్రను నమ్మొద్దు, తూకం చూసుకోండి. మొత్తం రెండు కోట్ల పది లక్షల నాణేలు, అంతకు మించి పుట్టవు. కాని ఆ తర్వాత వచ్చిన ఫౌండర్లు అమ్మింది తూకం కాదు, మిత్తి. ఇక్కడే నాకు విలియం పామర్ గుర్తొస్తాడు.

పామర్ 1780లో పుట్టాడు. తండ్రి జనరల్ విలియం పామర్, వారన్ హేస్టింగ్స్ మనిషి. తల్లి ఫైజ్ బక్ష్, లక్నోకు చెందిన ముస్లిం స్త్రీ. ఇంగ్లండులో చదువుకున్నాడు కాని, తల్లి ఈ దేశస్థురాలైన వాళ్లకు ఈస్టిండియా కంపెనీ తన కొలువుల తలుపు అప్పటికే మూసేసింది. అందుకని నిజాం సైన్యంలో చేరాడు. తర్వాత వ్యాపారంలోకి దిగి గోదావరి మీదుగా కలప, బీరారు పత్తి అంటూ మొదలుపెట్టి, 1814 నాటికి హైదరాబాదులో రెసిడెన్సీ నీడలోనే విలియం పామర్ అండ్ కంపెనీ అనే బ్యాంకు నడుపుతున్నాడు. రెసిడెంట్ హెన్రీ రస్సెల్ అండ ఉంది. రెసిడెన్సీ డాక్టరూ, ఒక అసిస్టెంటూ కూడా వాటాదారులే. బంకటి దాస్ అనే గుజరాతీ సాహుకారు కూడా భాగస్వామి. ఇంగ్లీషు రికార్డుల్లో ఈయన పేరు ఎప్పుడూ చివరనే వస్తుంది గాని, హైదరాబాదు బజారులో ఎవరికి ఎంత పరపతి ఉందో తెలిసినవాడు ఈయనేనని నా అనుమానం.

వ్యాపార సూత్రం సులువు. డిపాజిట్ల మీద పన్నెండు శాతం ఇవ్వడం, దీవాన్ చందూలాల్ సర్కారుకు దానికి రెట్టింపు మిత్తికి అప్పివ్వడం. సైన్యానికి జీతాలివ్వడానికి చందూలాల్ దగ్గర ఎప్పుడూ పైసలుండవు. ఆ సైన్యమేమో కంపెనీవాళ్లు పట్టుబట్టి పెట్టించింది, అధికారులూ ఇంగ్లీషువాళ్లే. వాళ్ల జీతం కోసం వాళ్ల తాలూకు బ్యాంకులోనే అప్పు, అప్పుకు తాకట్టు జిల్లాల శిస్తు. జీతం అందుకున్న అధికారి మిగిలిన సొమ్మును మళ్లీ పామర్ దగ్గరే డిపాజిట్ చేస్తాడు. తమ టోకెన్‌ను తామే తాకట్టుగా చూపించుకుని అప్పు తెచ్చుకునే ఇప్పటి క్రిప్టో కంపెనీల చిత్రపటం గీస్తే సరిగ్గా ఇట్లాగే ఉంటుంది.

అడ్డంకి ఒకటే. అనుమతి లేకుండా ఇంగ్లీషువాళ్లు దేశీయ రాజులకు అప్పులివ్వకూడదని 1797లో బ్రిటిష్ పార్లమెంటు చట్టం చేసింది. 1816లో గవర్నర్ జనరల్ లార్డ్ హేస్టింగ్స్ (వారన్ కాదు, ఈయన వేరు) ఆ అనుమతి ఇచ్చేశాడు. అప్పటికే సర్ విలియం రంబోల్డ్ అనే బారొనెట్ కంపెనీలో భాగస్వామిగా చేరాడు. ఆయన భార్య హేస్టింగ్స్ ఇంట్లో పెరిగిన పిల్ల. హేస్టింగ్స్ లంచం తిన్నాడని ఎవరూ రుజువు చేయలేదు. ఆ అవసరం కూడా లేకపోయింది, ఇంటి మనుషులకు లంచం ఎందుకు?

1820లో అరవై లక్షల కొత్త అప్పు మంజూరైంది. మిత్తి పద్దెనిమిది శాతం. పాత అప్పుల కంటే చవక కదా, నిజాంకు లాభమే కదా అని చెప్పారు. అదే ఏడు రెసిడెంటుగా వచ్చిన చార్లెస్ మెట్‌కాఫ్ ఖాతాలు తిరగేస్తే తేలిందేమిటంటే, అందులో చాలావరకు కొత్త డబ్బే కాదు. పాత బాకీలనే కొత్త కాగితం మీదికి ఎక్కించి, ఎనిమిది లక్షలు కంపెనీకి ‘బోనస్’ కింద కలిపేశారు. మెట్‌కాఫ్ ఈ సంగతి కలకత్తాకు రాస్తే ముందు తిట్లు తిన్నది ఆయనే.

డో క్వాన్ కథ తెలిసినవాళ్లకు ఇదంతా వింతగా అనిపించదు. 2018లో టెర్రాఫామ్ ల్యాబ్స్ పెట్టిన ఈ కొరియా కుర్రాడు, ఎప్పుడూ ఒక డాలరు విలువ చేసే నాణెం ఇస్తానన్నాడు. దాన్ని యాంకర్ అనే పథకంలో దాచుకుంటే ఏడాదికి ఇంచుమించు ఇరవై శాతం మిత్తి. అడిగినవాళ్లతో, బీదవాళ్లతో తాను వాదించనన్నాడు. 2022 మేలో ఆ నాణెం డాలరు నుంచి జారి, వారం తిరక్కుండా నాలుగువేల కోట్ల డాలర్ల విలువ ఆవిరైంది. 2023 మార్చిలో మాంటెనెగ్రోలో దొంగ పాస్‌పోర్టుతో దొరికాడు, 2025లో న్యూయార్క్ కోర్టులో నేరం ఒప్పుకున్నాడు, పదిహేనేళ్ల శిక్ష పడింది.

పామర్‌ను క్వాన్‌తో ఒకే గాటన కట్టేయలేం. పామర్ అప్పుగా ఇచ్చింది నిజమైన వెండి. నగరంలోని సాహుకార్లు అంతకంటే ఎక్కువే పిండేవాళ్లన్న ఆయన వాదనలోనూ పసలేకపోలేదు. పైగా మెట్‌కాఫ్ నిజాయితీని పొగుడుతూ చరిత్రకారులు ఒక సంగతి దాటేస్తారు. అదే వ్యాపారం కలకత్తాలో తెల్ల ఏజెన్సీ హౌసులు చేస్తే గౌరవం, హైదరాబాదులో ఫైజ్ బక్ష్ కొడుకు చేస్తే కుంభకోణం. అయినా సరే, ఆ ఎనిమిది లక్షల బోనస్‌కు మాత్రం నా దగ్గర సమర్థన లేదు.

ముగింపు ఎట్లా జరిగిందన్నదే అసలు కథ. కోస్తాలోని ఉత్తర సర్కారులకు గాను కంపెనీ ఏటా ఏడు లక్షల పేష్కష్ నిజాంకు కట్టాలి. 1823లో ఆ హక్కును నిజాం శాశ్వతంగా వదులుకుంటే, బదులుగా కోటీ పదహారు లక్షల అరవై ఆరు వేల చిల్లర ఒకేసారి ఇచ్చి, దాంతో పామర్ అప్పు తీర్పించారు. లెక్క వేసి చూడండి: ఏటా ఏడు లక్షలు వచ్చే ఆస్తిని ఆరు శాతం లెక్కన విలువ కట్టారు. పద్దెనిమిదికీ ఇరవై నాలుగుకీ తెచ్చిన అప్పు తీర్చడానికి, ఆరు శాతం లెక్కన ఆస్తి అమ్మించారన్నమాట. నిజాం నష్టపోయాడు, సర్కారుల మీద కంపెనీకి బాకీ రద్దయింది.

(ఈ 116 అంకె మనల్ని వదిలిపెట్టదు. తర్వాతి కాలంలో వంద బ్రిటిష్ రూపాయలకు నూటపదహారు హాలీ రూపాయల పదణాల ఎనిమిది పైసలు మారకం. పెళ్లిళ్లలో నూటపదహార్లు చదివించడం దాన్నుంచే వచ్చిందని పెద్దలు చెప్తారు. నిజమో కాదో గాని, వినడానికి బాగుంటుంది.)

బాకీ వసూలైనా కంపెనీ నిలబడలేదు. దాంతో లావాదేవీలు వద్దని లండన్ నుంచి ఆజ్ఞలొచ్చాయి, మిగిలిన అప్పులు వసూలు చేసుకునే దారి మూసుకుపోయింది. 1824లో దివాలా తీసింది. డిపాజిటర్లు మునిగారు. లండన్‌లో వాటాదారుల సభ ‘హైదరాబాద్ పేపర్స్’ అనే దస్తావేజుల దిండు ముందేసుకుని 1825లో రోజుల తరబడి వాదించుకుంది. జైలుకు మాత్రం ఎవరూ పోలేదు.

ఆ వేల పేజీల్లో కనపడనిది శిస్తు కట్టినవాడు. చందూలాల్ తాలూకాలను గుత్తకిచ్చేవాడు. ఎక్కువ పాడినవాడిదే తాలూకా, వచ్చే ఏడు ఇంకెవడైనా ఎక్కువ పాడితే అతనిది. ఉన్న ఏడాదిలోనే పిండుకోవాలి. జొన్న, ఆముదం పండే నల్లగొండ, పాలమూరు మెట్టల్లో వాన ఒక ఏడు తప్పితే పిండుకోవడానికి మిగిలేది మనిషే. పద్దెనిమిది శాతమైనా ఇరవై నాలుగైనా చివరికి వచ్చేది అక్కణ్నుంచే. టెర్రా మిత్తి కొత్తగా చేరే మదుపరుల నుంచి వస్తే, పామర్ మిత్తి ఎన్నడూ ఆయన పేరు వినని రైతు నుంచి వచ్చింది.

1853లో దీవాన్ అయిన మొదటి సాలార్ జంగ్ ముందు శిస్తు గుత్తల మీద, తర్వాత టంకశాలల మీద పడ్డాడు. రాజ్యంలోని తక్కిన టంకశాలలు ఒక్కొక్కటే మూతపడ్డాయి, నాణెం హైదరాబాదుకు చేరింది. 1857 తర్వాత బాదుషా పేరు కూడా పోయి హాలీ సిక్కా వచ్చింది. హాలీ అంటే ‘ప్రస్తుతం చెల్లేది’ అని. అంతకంటే నిజాయితీ గల పేరు ఏ నాణేనికీ లేదేమో.

పామర్ మాత్రం హైదరాబాదు వదిలి పోలేదు. దివాలా తర్వాత నలభై మూడేళ్లు అక్కడే బతికాడు. జనం ఆయన్ని ‘కింగ్ పామర్’ అనేవాళ్లు. నవలాకారుడు మెడోస్ టేలర్ ఆయన అల్లుడే. తన బ్యాంకును మూయించిన మెట్‌కాఫ్ 1846లో పోతే, తన పాత ఖాతాదారు చందూలాల్ అంతకు ఏడాది ముందే పోయాడు. పామర్ 1867లో, ఎనభై ఏడేళ్ల వయసులో, సాలార్ జంగ్ కొత్త రూపాయి బజారులో చెల్లుతుండగా పోయాడు.