"ఎన్నాళ్ళు?" అన్న ప్రశ్న, హెర్2 కథ

ముందే చెప్తున్నా, నేను డాక్టర్ని కాను, కోడు రాసుకుని బతికేవాణ్ణి. కానీ మా పెదనాన్నకి కడుపులో క్యాన్సరని తేలినప్పుడు రిపోర్టు ఫొటో నాకే పంపారు. అందులో "హెర్2: 3+" అని ఒక లైను. పెద్దమ్మది ఒకటే ప్రశ్న: "అంటే ఎన్నాళ్ళుంటార్రా?"

మూడు ప్లస్సులంటే జబ్బు అంత ముదిరిందేమో అనుకుని హడలిపోయాను. తర్వాత ఆ ఒక్క లైను వెనకున్న చరిత్ర చదువుతూ కూర్చున్నాను.

1984లో అమెరికాలో రాబర్ట్ వైన్‌బర్గ్ ప్రయోగశాల ఎలుకల కణితిలో 'న్యూ' అనే జన్యువుని పట్టుకుంది. 1985లో జెనెంటెక్‌లో ఆక్సెల్ ఉల్‌రిచ్ బృందం మనిషిలో హెర్2ని కనిపెట్టింది. తీరా చూస్తే రెండూ ఒకటే! కణం పైపొర మీద కూర్చుని "పెరుగు, పెరుగు" అని పురమాయించే ప్రోటీన్ ఇది. 1986కల్లా జపాన్ పరిశోధకులు ఒక కడుపు క్యాన్సర్ కణజాతిలో ఈ జన్యువు కాపీలు లెక్కకు మించి ఉన్నాయని చూపించారు.

కానీ పేరొచ్చింది రొమ్ము క్యాన్సర్‌తో. 1987లో డెనిస్ స్లామన్ బృందం 189 కణితుల్ని పరీక్షించి, కాపీలు ఎక్కువున్నవాళ్ళకి జబ్బు త్వరగా తిరగబెడుతోందనీ, ఆయుష్షు తగ్గుతోందనీ తేల్చింది. అలా హెర్2 మొదట ఒక చావు కబురుగానే లోకానికి తెలిసింది. దాన్ని అడ్డుకునే ట్రాస్టుజుమాబ్ మందుకి 1998లో అనుమతి వచ్చాక కథ మారింది.

మరి కడుపు సంగతి? హెర్2 ఎక్కువుంటే ఆయుష్షు తక్కువని కొన్ని అధ్యయనాలు, తేడా ఏమీ లేదని మరికొన్ని. ఆ తగువు తెగలేదు. ఈలోగా 2010లో 'టోగా' ట్రయల్ ఫలితాలొచ్చాయి. హెర్2 ఉన్న 584 మంది రోగులు. కీమో ఒక్కటే ఇస్తే మధ్యస్థ ఆయుష్షు 11.1 నెలలు, ట్రాస్టుజుమాబ్ కూడా కలిపితే 13.8. ప్రోటీన్ బాగా ఎక్కువున్నవాళ్ళలో 11.8 నుంచి 16కి పెరిగింది. జన్యువు కాపీలు ఎక్కువున్నా ప్రోటీన్ తక్కువైతే లాభం పెద్దగా కనబడలేదు.

అంటే పరీక్ష అదే, ప్రశ్నే మారింది. "ఎన్నాళ్ళు?" అన్నదానికి సరిగ్గా జవాబివ్వని గుర్తు, "ఏ మందు?" అన్నదానికి ఇచ్చింది. ఇక 3+ అంటే జబ్బు దశ కాదు, ముక్కకి రంగు వేసినప్పుడు ఆ ప్రోటీన్ ఎంత గట్టిగా కనబడిందన్న కొలత మాత్రమే. అది 0 నుంచి 3+ దాకా ఉంటుంది.

పెద్దమ్మకి ఇదే చెప్పాను, "ఎన్నాళ్ళో ఇందులో లేదు పెద్దమ్మా, ఒక మందు పనిచేసే అవకాశం ఉందని ఉంది" అని. మందు మొదలెట్టాక పెదనాన్న పద్నాలుగు నెలలున్నారు. అందులో ఆ మందు వాటా ఎంతో ఎవరూ చెప్పలేరు. ట్రయల్ లెక్క ఒక్క మనిషికి వర్తించదు.

మీ ఇంట్లో ఎవరికైనా ముదిరిన కడుపు క్యాన్సర్ ఉంటే హెర్2 పరీక్ష చేశారా అని ఒక్కసారి అడగండి. కడుపు కణితిలో ఈ ప్రోటీన్ ఒకచోట ఉండి పక్కనే లేకపోవచ్చు. అందుకని ముక్కలు ఎన్ని చోట్ల నుంచి తీశారో కూడా అడగండి.