తీవ్ర ఉద్రేకంలో ఉన్న రోగి: ఏ ఇంజెక్షన్ ఎప్పుడు?

ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లా తెలంగాణను ఆనుకుని ఉంది. అక్కడి భోపాలపట్నం ప్రాంతంలో తెలుగు కుటుంబాలు అనేకం. ఇటువంటి అటవీ జిల్లాల్లో, అరుస్తూ కొట్టబోయే స్థితిలో ఉన్న రోగిని ఆసుపత్రికి తెచ్చినప్పుడు మానసిక వైద్యుడు అందుబాటులో ఉండకపోవచ్చు. అప్పుడు నిర్ణయం విధుల్లో ఉన్న వైద్యునిదే.

మొదట కారణం

ఉద్రేకమంతా మానసిక వ్యాధి కాదు. రక్తంలో చక్కెర పడిపోవడం, తలకు గాయం, మద్యం హఠాత్తుగా మానివేయడం కూడా కారణాలు కావచ్చు. మలేరియా అధికంగా ఉన్న బస్తర్‌లో మెదడుకు సోకిన మలేరియానూ అనుమానించాలి. చక్కెర, మలేరియా పరీక్షలకు కొద్ది నిమిషాలు చాలు. శాంతపరిచే మందు ఈ వ్యాధులను నయం చేయదు, పైగా వాటి లక్షణాలను మరుగుపరచవచ్చు.

వెల్లూరు అధ్యయనాలు

ఈ మందులను పోల్చిన ముఖ్యమైన పరీక్షలు రెండు తమిళనాడులోని వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో జరిగాయి. 2004లో ప్రచురితమైన మొదటి అధ్యయనంలో 200 మంది రోగులు పాల్గొన్నారు. లోరాజెపామ్ తీసుకున్నవారిలోనూ, హలోపెరిడాల్, ప్రోమెథజైన్ కలిపి తీసుకున్నవారిలోనూ నాలుగు గంటలకు 96 శాతం మంది శాంతించారు లేదా నిద్రించారు. అయితే రెండు మందుల జోడీ మరింత వేగంగా పనిచేసింది.

2007 నాటి రెండవ అధ్యయనంలో 300 మంది ఉన్నారు. పదిహేను నిమిషాల్లో ఒలాంజపిన్, ఆ జోడీ దాదాపు సమానంగా పనిచేశాయి. కాని నాలుగు గంటల లోపు అదనపు మందు అవసరమైనవారు ఒలాంజపిన్ వర్గంలో 43 శాతం, జోడీ వర్గంలో 21 శాతం.

బ్రెజిల్‌లోని రియో డి జనీరోలో 2003లో వెలువడిన అధ్యయనం ప్రకారం మిడజోలామ్ ఇంకా త్వరగా శాంతపరుస్తుంది. అయితే అది శ్వాసను మందగింపజేయగలదు గనుక ఆక్సిజన్, నిరంతర పరిశీలన ఉన్నచోటే తగినది. అదే నగరంలో మరొక పరీక్షలో హలోపెరిడాల్ ఒక్కటే తీసుకున్న కొందరికి కండరాలు బాధాకరంగా బిగుసుకుపోయాయి. ప్రోమెథజైన్ తోడైతే ఆ ముప్పు తగ్గుతుంది.

మద్యం మానడం వల్ల వచ్చిన ఉద్రేకానికి లోరాజెపామ్ వర్గపు మందులే ప్రధానం. లోరాజెపామ్ ఇంజెక్షన్‌ను శీతలంగా నిల్వ చేయాలి. ఒలాంజపిన్ ఇంజెక్షన్‌తో పాటు ఈ వర్గపు ఇంజెక్షన్లను ఒకేసారి ఇవ్వరాదు.

మందు ఇచ్చాక

రోగిని బోర్లా పడుకోబెట్టి అదిమిపట్టడం ప్రాణాంతకం కావచ్చు. శ్వాస, నాడి, రక్తపోటు, స్పృహలను తరచుగా గమనించాలి.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం అత్యవసర చికిత్సను ఏ నమోదిత వైద్యుడైనా చేయవచ్చు. రోగి నామినీ అందుబాటులో ఉంటే సమ్మతి తీసుకోవాలి. ఈ చికిత్సకు పరిమితి 72 గంటలు. రోగిని గొలుసులతో బంధించడం నిషిద్ధం. ఇంటి వద్ద సలహా కోరేవారు టెలి మానస్ ఉచిత సహాయ సంఖ్య 14416ను సంప్రదించవచ్చు. ప్రాణాపాయం కనిపిస్తే ఫోన్ సలహా కోసం ఆగక ఆసుపత్రికి చేర్చాలి.