ఆర్సీ వీపు మీది కారు

అరచేతిలో పట్టేంత గులాబీరంగు ప్లాస్టిక్ కారు. తలుపులు మడిచి, ముందు భాగాన్ని వెనక్కి తిప్పి, కాళ్ళు బయటికి లాగితే ఆడ రోబో అవుతుంది. ఇలాంటి బొమ్మలు సేకరించే మా పిన్ని కూతురు సింగపూర్ నుంచి తెచ్చి, వాకాడు దగ్గర మా అమ్మమ్మగారి ఊళ్ళో నా చేతిలో పెట్టింది. "ఆడవాళ్ళ మీద రాస్తుంటావు కదక్కా, దీని మీద రాయి చూద్దాం" అంది. వేళాకోళానికే అంది. కానీ వారం రోజులుగా ఆ బొమ్మ నా బల్ల మీంచి కదల్లేదు.

పెట్టె మీద ఆర్సీ అన్న పేరు ఎక్కడా లేదు. కంపెనీ బొమ్మనే మళ్ళీ అచ్చుపోసి చౌకగా అమ్మే నకళ్ళు వేరు. ఇందులో పాత్ర కంపెనీది, రూపకల్పన తయారీదారుల సొంతం. అందుకే మారుపేరుతో, సేకరించేవాళ్ళ కోసం, కాస్త ఎక్కువ ధరకే వస్తుంది. 2021 నుంచి మన దేశంలో అమ్మే బొమ్మలకు బి.ఐ.ఎస్. ముద్ర తప్పనిసరి కాబట్టి ఇలాంటివి ఎక్కువగా బంధువుల సూట్‌కేసుల్లోనే దిగుతాయి.

అసలు ఈమెకు మారుపేరు ఎందుకు పెట్టాల్సి వచ్చింది? జపాన్ కంపెనీ తకారా చేసిన బొమ్మలను అమెరికాలో హాస్‌బ్రో 1984లో 'ట్రాన్స్‌ఫార్మర్స్' పేరుతో అమ్మడం మొదలుపెట్టింది. కారు రోబో, విమానం రోబో, పిస్తోలు రోబో, అందరూ మగవాళ్ళే. యంత్రానికి లింగమేమిటని అడగొచ్చు. మాట్లాడించగానే గొంతు మగది అయిపోతుంది మరి! 1986లో వచ్చిన యానిమేషన్ సినిమాలో ఆర్సీ ముఖ్య పాత్రల్లో ఒకతె. ఆమెతో కలిసి యుద్ధం చేసిన హాట్ రాడ్, కప్, స్ప్రింగర్‌లు ఆ ఏడే బొమ్మలై దుకాణాలకొచ్చారు. ఆర్సీ రాలేదు. తర్వాత ఆ పేరుతో మోటారుసైకిల్ లాంటి వేరే రూపాలు వచ్చాయి గానీ, సినిమాలోని గులాబీ కారు రూపంలో కంపెనీ బొమ్మ దుకాణాలకు రావడానికి 2014 దాకా పట్టింది. ఆ లోపలే అనధికారులు చేసి అమ్ముకున్నారు. (మా ఇంట్లో తమ్ముడికి కీ ఇచ్చే కారు, నాకు లక్కపిడతలు. ఆ కారు కోసం నేనెంత ఏడ్చానో అమ్మ ఇప్పటికీ చెబుతుంది.)

ఇంకో ముచ్చట. 1989లో బ్రిటన్‌లోని మార్వెల్ కామిక్‌లో సైమన్ ఫర్మన్ ఒక కథ రాశాడు. భూమ్మీది స్త్రీవాదుల ఫిర్యాదు తట్టుకోలేక నాయకుడు ఆర్సీని తయారుచేశాడట! కథ పేరు 'ప్రైమ్స్ రిబ్', అంటే నాయకుడి పక్కటెముక. ఆదాము పక్కటెముక లోహపుది కూడా అయిందన్నమాట.

ఇక బొమ్మ సంగతి. ముఖం బాగుంది, మోచేతులు మోకాళ్ళు చక్కగా వంగుతాయి, తుంటి కీలు వదులు. అసలు విషయం వీపు దగ్గరుంది. మగ రోబోల్లో కారు ముందు భాగం ఛాతీ అవుతుంది, తలుపులు భుజాలవుతాయి, చక్రాలు కాళ్ళలో దాక్కుంటాయి. యంత్రమంతా ఒంట్లో కలిసిపోతుంది. ఈమెకు మాత్రం నడుము సన్నగా ఉండాలి, కాళ్ళు నాజూకుగా ఉండాలి. మరి కారు ఎక్కడికి పోవాలి? అంతా మడతపడి వీపెక్కింది. నిలబెడితే వెనక్కి పడిపోతుంది. ఇది చేతకాక చేసింది కాదు, కంపెనీవి అయినా అనధికారివి అయినా ఆర్సీ బొమ్మలకు తరచూ వచ్చే తంటా ఇదే. ఒంటి కొలతలు ముందే ఖాయమైపోయాక ఇంజనీరు మాత్రం ఏంచేస్తాడు?

ఈ బొమ్మను బిగించిన చేతులెవరివో పెట్టె మీద రాయరు. కానీ బొమ్మల పరిశ్రమ చరిత్రలో ఆ చేతులు కనబడిన సందర్భాలున్నాయి. 1993 మే 10న థాయిలాండ్‌లో కేడర్ బొమ్మల కర్మాగారం కాలి 188 మంది చనిపోయారు. అదే ఏడు నవంబరు 19న చైనాలోని షెన్‌జెన్‌లో జిలి బొమ్మల కర్మాగారం కాలి 87 మంది. రెండు చోట్లా తలుపులకు తాళాలున్నాయి. చనిపోయినవాళ్ళలో అత్యధికులు పల్లెల నుంచి వచ్చిన అమ్మాయిలు. జిలి శిథిలాల్లో ఆ అమ్మాయిలకు వచ్చిన ఉత్తరాలు దొరికాయి. వాటి ఆధారంగా అనిటా చాన్ 2002లో వ్యాసం రాశారు. జీతమెంత, ఎక్కడ ఎక్కువిస్తారు, ఇంటికెప్పుడొస్తావు, ఇవే మాటలు. ఉత్తరాలను సాహిత్యంగా చదవడం నేర్చుకున్నదాన్ని నేను. వీటి దగ్గర ఆ చదువు ఎందుకో తడబడింది.

మా తీరంలోనూ తెల్లవారకముందే బస్సులొస్తాయి. తడ వైపు చెప్పుల కర్మాగారాలకు అమ్మాయిలను తీసుకెళ్తాయి. మొన్న సాయంత్రం షిఫ్టు దిగి వచ్చిన ఎదురింటి అమ్మాయి బల్ల మీది బొమ్మను తీసుకుని, కారుగా మార్చే ప్రయత్నమేమీ చేయకుండా వెనక్కి తిప్పి చూసింది. వదులుగా ఉన్న తుంటి మీద వేలు పెట్టింది.

"ఈడ స్క్రూ వంకరగా బిగించుండారు చూడక్కా. టయానికి లెక్క అందించాల గదా, బిడ్డ తొందర్లో ఉన్నింటాది" అంది.


మా వంటింట్లోంచి చిన్న స్క్రూడ్రైవరు తెచ్చి, విప్పి, నిటారుగా బిగించింది.