కార్బురేటర్ లోపాలు (మోటార్‌సైకిల్)

పెట్రోలును గాలితో కలిపి ఇంజన్‌కు అందించే కార్బురేటర్‌లో తలెత్తే ఇబ్బందులు. భారత్‌లో 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 ప్రమాణాలు అమల్లోకి రావడంతో కొత్త బళ్లలో దాని స్థానాన్ని దాదాపుగా ఫ్యూయల్ ఇంజెక్షన్ ఆక్రమించింది. పాత బళ్లకు మాత్రం ఈ పరిజ్ఞానం ఇంకా అవసరమే.

నెలల తరబడి కదలని బండిలో ముందుగా అనుమానించవలసింది పైలట్ జెట్‌ను. దాని రంధ్రం అర మిల్లీమీటరు కన్నా సన్నం. బౌల్‌లో పెట్రోలు ఆవిరై మిగిలిన జిగురు దాన్ని సులువుగా మూసేస్తుంది. చోక్ వేస్తే నడిచి, తీయగానే ఆగిపోవడం దీని ఆనవాలు. పెట్రోల్ కాక్ కట్టేసి, బౌల్ ఖాళీ చేసి, జెట్‌ను క్లీనర్ స్ప్రేతో, గాలి ఒత్తిడితో శుభ్రపరచాలి. తీగ గుచ్చడం చాలామందికి అలవాటు, కానీ రంధ్రం పెద్దదైతే మిశ్రమం పాడవుతుంది. ఎయిర్ స్క్రూ విప్పేముందు, అది పూర్తిగా బిగియడానికి ఎన్ని చుట్లు పట్టిందో రాసుకోవాలి.

ఓవర్‌ఫ్లో గొట్టం నుంచి పెట్రోలు కారితే ఫ్లోట్ నీడిల్ అరిగిందనో, దాని కింద నలుసు చేరిందనో అర్థం. యాక్సిలరేటర్ వదిలినా ఇంజన్ వేగం తగ్గకపోతే మొదట కేబుల్ చూడాలి. ఆ తర్వాత ఇంజన్‌కు కలిపే రబ్బరు భాగంలో పగుళ్లు వెతకాలి.

స్పార్క్ ప్లగ్ మసిబారితే పెట్రోలు ఎక్కువ, తెల్లబడితే తక్కువ కావచ్చు. మూసుకుపోయిన ఎయిర్ ఫిల్టర్ కూడా మసికి కారణమే, అందుకే కార్బురేటర్ విప్పకముందే దాన్ని చూడటం మేలు.